పింఛను 5,800 వస్తుంది, మిగతా ఇల్లు ఎలా గడవాలి?

తమ్ముడూ, మీకంటే పదిహేనేళ్లు పెద్దవాణ్ణి కాబట్టి ఇలా పిలుస్తున్నాను. మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీకు 47 ఏళ్లు. పాశమైలారంలో మందుల కంపెనీలో సూపర్‌వైజరు. జీతం 68,000, అందులో బేసిక్ 32,000. పీఎఫ్‌లో 14 లక్షలున్నాయి. నిజాంపేట ఫ్లాటు మీద నెలకు 16,000 ఈఎంఐ 2031 దాకా ఉంది. ఇంటి ఖర్చు నెలకు 30,000. మీ ఆవిడకు 42, ఉద్యోగం లేదు. అమ్మాయి బీటెక్ ఈ ఏడాదితో అయిపోతుంది, అబ్బాయి తొమ్మిదో తరగతి. అమ్మాయి ఫీజు తప్పాక నెలకు 15,000 మిగుల్చుకోగలనంటున్నారు. పీఎఫ్ పింఛను ఎంత వస్తుందని, పీఎఫ్‌లోంచి 10 లక్షలు తీసి సదాశివపేట దగ్గర ప్లాటు కొనొచ్చా అని, పన్ను మిగలడానికి తెలిసినాయన చెప్పిన పాలసీ తీసుకోవచ్చా అని, జాతీయ పింఛను పథకం ఎన్‌పీఎస్ మంచిదేనా అని అడిగారు.

నేను 1996 నుంచి 2021 దాకా ఒక ఫ్యాక్టరీలో జీతాల సెక్షన్‌లో పనిచేశాను. వందల మందికి పీఎఫ్ కాగితాలు నింపి పంపాను. 58 నిండగానే నా పింఛను అర్జీ, ఫారం 10డీ, నేనే నింపుకున్నాను. పాతికేళ్ల సర్వీసుకు నాకు వస్తున్న పింఛను నెలకు మూడువేల నాలుగొందల చిల్లర. అంతే. ఎవరూ మోసం చేసింది కాదు, ఆ పథకం లెక్కే అంత. ఈ సంగతి నలభై ఏడులోనే తెలిస్తే చేతిలో పదకొండేళ్లు ఉంటాయి. యాభై ఏడులో తెలిస్తే ఏమీ ఉండదు. అందుకే ముందు లెక్క చెబుతాను.

మీ యజమాని మీ పేరున కట్టే 12 శాతంలో 8.33 శాతం పింఛను పథకానికి పోతుంది. అయితే ఆ 8.33 మీ 32,000 బేసిక్ మీద కాదు, 15,000 పరిమితి మీద. అంటే నెలకు 1,250. మిగతాదంతా పీఎఫ్ ఖాతాలోకి. ఈ పింఛను పథకం 1995 నవంబరు 16న మొదలైంది. పరిమితి 6,500 ఉన్నదాన్ని 2014 సెప్టెంబరు 1 నుంచి 15,000 చేశారు. పింఛను కట్టే సూత్రం చిన్నదే: పింఛను జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి 70తో భాగించాలి. ఇరవై ఏళ్లు దాటినవాళ్లకు రెండేళ్లు అదనంగా కలుపుతారు. 2014 సెప్టెంబరుకు ముందు సర్వీసుకు 6,500 లెక్కన, ఆ తర్వాతి సర్వీసుకు 15,000 లెక్కన విడివిడిగా కడతారు.

మీరు 2003 నుంచి 2009 దాకా చేసిన మొదటి కంపెనీ పింఛను డబ్బు ఫారం 10సీ పెట్టి తీసేసుకున్నానన్నారు, నలభై వేల చిల్లర వచ్చిందన్నారు. కాబట్టి ఆ ఆరేళ్లు లేనట్టే. 2009 సెప్టెంబరు నుంచి 2014 ఆగస్టు దాకా ఐదేళ్లు 6,500 మీద, అక్కణ్ణుంచి మీకు 58 నిండే 2037 దాకా ఇరవై మూడేళ్లు 15,000 మీద. అయిదు ఆరువేల అయిదొందలు 32,500. ఇరవై మూడు పదిహేనువేలు 3,45,000. రెండూ కలిపి 70తో భాగిస్తే 5,393. అదనపు రెండేళ్లు కలిపితే దాదాపు 5,780. ఇప్పటి నిబంధనల ప్రకారం మీ పింఛను ఇది. దానికి డీఏ లేదు. మొదటి నెల ఎంత వచ్చిందో ఎనభయ్యో ఏట కూడా అంతే వస్తుంది. మీ తర్వాత మీ ఆవిడకు అందులో సగం.

ఆ ఆరేళ్లు తీసేయకుండా ఉంచి ఉంటే నెలకు ఇంకో 500 పైచిలుకు వచ్చేది. బాధపెట్టడానికి చెప్పడం లేదు. మా సెక్షన్‌కు ఉద్యోగం మానేసే ప్రతి కుర్రాడూ 10సీ పట్టుకొని వచ్చేవాడు, తీసుకోవద్దయ్యా, చేసిన ఏళ్లు లెక్కలో ఉంచే స్కీమ్ సర్టిఫికెట్ అడుగు అంటే నా ముఖం చూసేవాడు. మీ అమ్మాయి రేపు ఉద్యోగంలో చేరుతుంది కదా, ఆ అమ్మాయికి ఈ మాట మీరు చెప్పండి. పదేళ్ల సర్వీసు నిండితేనే పింఛను అర్హత, కంపెనీ మారినా ఆ ఏళ్లు కలుస్తూ పోవాలి.

15,000 పరిమితి మీద కాక అసలు జీతం మీద పింఛను గురించి కూడా ఒక మాట అడిగారు. 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక దానికి ఉద్యోగీ యజమానీ కలిసి ఉమ్మడి ఆప్షన్ ఇవ్వడానికి అవకాశం ఇచ్చారు, ఆ గడువు 2023 జూలై 11తో ముగిసింది. మీరు అప్పుడు పెట్టలేదు కాబట్టి దాన్ని వదిలేసి ఉన్నదాని మీద ఆలోచిద్దాం.

ఇక పన్ను. మీరు ఎక్కువ కంగారు పడుతున్నది దీని గురించే, నిజానికి మీకు అసలు కంగారే అక్కర్లేనిది ఇదే. మీ ఏడాది జీతం 8,16,000. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం దాకా రిబేటు వల్ల పన్ను లేదు. జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుంటే 12,75,000 దాకా. మీ పన్ను సున్నా. సున్నాలోంచి మిగుల్చుకోవడానికి ఏమీ ఉండదు. పన్ను మినహాయింపు సెక్షన్ 80సీ కింద లక్షన్నర పొదుపు చూపించాలి అన్నది పాత విధానం మాట. కొత్త విధానంలో 80సీ లేదు. (2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి. అందరి నోట్లో నానిన పాత నంబర్లతోనే చెబుతున్నాను.)

కాబట్టి ఆ తెలిసినాయన 'మార్చి లోపు కట్టండి, పన్ను మిగులుతుంది' అని చూపిస్తున్న పాలసీకి మీ విషయంలో కారణమే లేదు. ఏడాదికి 60,000 చొప్పున 15 ఏళ్లు కట్టాలి, ఇరవయ్యో ఏట 17 లక్షలు వస్తాయి అని రాశారు. తొమ్మిది లక్షలు కట్టి పదిహేడు తీసుకుంటున్నాం, దాదాపు రెట్టింపు కదా అనిపిస్తుంది. వడ్డీ కింద గడితే అది ఏడాదికి 5 శాతం దాటడం లేదు. అదే 60,000 పోస్టాఫీసులోనో బ్యాంకులోనో, ఎవరైనా తెరవగల ప్రభుత్వ పొదుపు ఖాతా పీపీఎఫ్‌లో వేస్తే, 2020 ఏప్రిల్ నుంచి నడుస్తున్న 7.1 శాతమే ఇరవయ్యేళ్లూ ఉందనుకుంటే, 15 ఏళ్లు కట్టి మరో ఐదేళ్లు పొడిగించి ఉంచితే 22 లక్షల తొంభై వేల దాకా అవుతుంది. ఐదున్నర లక్షలకు పైగా తేడా, పైగా దాని మీద కూడా పన్ను లేదు. పాలసీలో బీమా ఉంది కదా అంటారు. ఆ బీమా మీ ఇంటిని ఎన్నాళ్లు నడుపుతుందో చూడండి. మీరు లేకపోతే ఫ్లాటు అప్పు, అబ్బాయి చదువు, మీ ఆవిడ నలభై ఏళ్ల జీవితం ఉన్నాయి. దానికి, మనిషి పోతేనే డబ్బిచ్చే ఉత్త టర్మ్ పాలసీ తీసుకోండి, 60 ఏళ్ల దాకా, 50 లక్షలకు తగ్గకుండా. బీమాను బీమాగా కొనండి, పొదుపును పొదుపుగా చేయండి. ఈ రెండూ కలిపి అమ్మేవాళ్లకే అందులో లాభం ఎక్కువ.

అసలు ఎంత కావాలన్నది ఇప్పుడు చూద్దాం. మీరు రిటైరయ్యేసరికి ఈఎంఐ ఉండదు, పిల్లల ఫీజులుండవు. ఈ 30,000 ఇంటి ఖర్చే మిగులుతుంది. మందుల ఖర్చు పెరుగుతుంది, పెట్రోలు తగ్గుతుంది, సరికి సరి అనుకుందాం. ధరల పెరుగుదలకు రిజర్వు బ్యాంకు పెట్టుకున్న లక్ష్యం 4 శాతం, పైహద్దు 6. ముసలితనం లెక్క కాబట్టి నేను ఎప్పుడూ 6 మీదే కడతాను. ఆరు శాతమంటే పన్నెండేళ్లకు ధర రెట్టింపు. ఈ రోజు 30,000తో నడిచే ఇల్లు మీ 58వ ఏట 57,000 అడుగుతుంది. మీకు డెబ్భై వచ్చేసరికి లక్షా పదిహేను వేలు అడుగుతుంది. మీ 5,780 మాత్రం 5,780గానే ఉంటుంది.

ఇంకో సంగతి చాలామంది మొగవాళ్లు మరిచిపోతారు. లెక్క మీ ఆయుష్షుకు కట్టకూడదు, మీ ఆవిడ ఆయుష్షుకు కట్టాలి. ఆమె మీకంటే ఐదేళ్లు చిన్న. ఆమె 85 దాకా ఉన్నారనుకుంటే, మీరు రిటైరైన రోజు నుంచి ముప్పై రెండేళ్లు ఆ డబ్బు రావాలి. చివరి కొన్నేళ్లు ఆమె ఒక్కరే, సగం పింఛనుతో. రిటైరయ్యాక మీ డబ్బు ధరల కంటే ఒక్క శాతం ఎక్కువ సంపాదిస్తుందనుకొని, చివర్లో ఒక్కరి ఖర్చే కాబట్టి ముప్పై ఏళ్లకే కడితే, పింఛను పోను 58వ ఏట చేతిలో కోటీ డెబ్భై లక్షల దాకా ఉండాలి. అంకె చూసి గుండె జారిపోవద్దు. నేను కూడా ఈ లెక్క నలభై ఏడులో వేసుకొని ఉంటే భయపడేవాణ్ణే, కానీ ఆ భయం నాకు అక్కరకు వచ్చేది.

మీకున్న అసలు ఆస్తి పీఎఫ్. బేసిక్‌లో మీ 12 శాతం 3,840, కంపెనీ వైపు నుంచి 2,590. నెలకు 6,430 పడుతోంది. 2023-24లోనూ 2024-25లోనూ పీఎఫ్ వడ్డీ 8.25 శాతం ఇచ్చారు. అదే కొనసాగితే ఇప్పుడున్న 14 లక్షలు ముట్టకుండా ఉంచితే చాలు, పదకొండేళ్లకు ముప్పై మూడున్నర లక్షలవుతుంది. నెలనెలా పడేది, ఇంక్రిమెంట్లతో కలిపి, మరో పదిహేను పదహారు లక్షలు. మొత్తం యాభై లక్షల దగ్గరకొస్తుంది. ఇప్పుడు ప్లాటు కోసం 10 లక్షలు తీస్తే 58వ ఏట తగ్గేది 10 లక్షలు కాదు, దాదాపు 24 లక్షలు.

ప్లాటు ధర కూడా పెరుగుతుంది కదా అంటారు. పెరగొచ్చు. హెచ్‌ఎండీఏ, డీటీసీపీ లాంటి ప్రభుత్వ సంస్థల లేఅవుట్ అనుమతి ఉందా, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరుందా అన్నవి సరిచూసుకొని కొన్నవాళ్లు బాగుపడ్డ సందర్భాలూ ఉన్నాయి. కానీ మీకు 65వ ఏట కావలసింది నెలనెలా సరుకులకు, మందులకు డబ్బు. ప్లాటులో పావు గజం అమ్మి మందులు కొనలేరు. అమ్మాలంటే మొత్తం అమ్మాలి, అమ్ముడయ్యేదాకా ఆగాలి. ఆ వయసులో రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ తిరగాలి. ఉండడానికి ఇల్లు మీకు ఎలాగూ ఉంది. రెండో స్థిరాస్తి మీ పరిస్థితిలో వద్దనే నా ఖచ్చితమైన అభిప్రాయం.

అమ్మాయి పెళ్లికి కూడా పీఎఫ్ మీదే ఆశ పెట్టుకున్నట్టు ఒక వాక్యంలో రాశారు. దాని గురించి నా సంగతి చెబుతాను. 2009లో మా పెద్దమ్మాయి పెళ్లికి నా పీఎఫ్‌లోంచి నాలుగు లక్షలు తీశాను. అర్జీ మీద సంతకం పెట్టిన పెన్ను కూడా గుర్తుంది, మా ఆఫీసు బీరువాలో ఉండే నీలం రెనాల్డ్స్. పీఎఫ్ పనిచేసే తీరు అందరికంటే నాకే బాగా తెలుసు, అయినా తీశాను. అందులో సగం పోయింది ఫంక్షన్ హాలుకూ, పద్దెనిమిది రకాల భోజనానికీ, పెట్టుపోతలకూ. ఆ తర్వాత పన్నెండేళ్లూ పీఎఫ్ వడ్డీ ఎప్పుడూ 8.25కు తగ్గలేదు. ఆ నాలుగు లక్షలు అక్కడే ఉంటే నేను రిటైరయ్యేనాటికి పదిన్నర లక్షలు దాటేవి. ఇవాళ ఆ పదిన్నర లక్షల మీద వడ్డీ నా పింఛనుకు రెట్టింపు వచ్చేది. పెళ్లి ఘనంగా చేశారని చెప్పుకున్నవాళ్లు ఒక వారం చెప్పుకున్నారు. మా అమ్మాయే ఆ మధ్య అంది, నాన్నా, అప్పుడు నన్ను అడిగి ఉంటే గుడిలో చేసుకుందామనేదాన్ని అని. మీ అమ్మాయిని అడగండి. ఉద్యోగం చేసే పిల్ల, తన పెళ్లి ఖర్చు గురించి తనకూ ఒక అభిప్రాయం ఉంటుంది.

సరే, నెలకు 15,000 ఎక్కడ పెట్టాలి. నేనైతే ఇలా చేస్తాను. ఏడువేలు వీపీఎఫ్. మీ హెచ్‌ఆర్‌కు ఒక కాగితం రాసిస్తే చాలు, 12 శాతానికి మించి మీ వాటా కోస్తారు, పీఎఫ్ వడ్డీయే దానికీ వస్తుంది. మీ వాటా మొత్తం ఏడాదికి రెండున్నర లక్షలు దాటితేనే, దాటినదాని వడ్డీ మీద పన్ను. మీరు ఆ దరిదాపుల్లో లేరు. దీని గొప్పతనం, ఆ డబ్బు జీతంగా మీ చేతికి రాకముందే వెళ్లిపోవడం. కొన్ని కంపెనీలు ఏడాది మొదట్లోనే ఒప్పుకుంటాయి, కాబట్టి మార్చిలోనే రాసివ్వండి.

మిగతా ఎనిమిది వేలు షేర్లతో ముడిపడిన చోట ఉండాలి, ఎందుకంటే ధరల పెరుగుదలను పదేళ్లపైన దాటగలిగే సత్తా వడ్డీ పథకాలకు తక్కువ. అందులో నాలుగువేలు నిఫ్టీ ఇండెక్స్ ఫండులో (యాభై పెద్ద కంపెనీల షేర్లు కొనే ఫండు) నెలనెలా కట్టే సిప్, నాలుగువేలు ఎన్‌పీఎస్. ఎన్‌పీఎస్‌లో పన్ను లాభం మీకు లేదు. అదనంగా 50,000 మినహాయింపు పాత విధానంలోనే. జీతం 12,75,000 దాటిన రోజున మాత్రం కంపెనీని అడిగి బేసిక్‌లో 14 శాతం దాకా యజమాని వాటాగా ఎన్‌పీఎస్‌లో వేయించుకోండి, అది కొత్త విధానంలో కూడా చెల్లుతుంది. మరి పన్ను లాభం లేకుండా ఎన్‌పీఎస్ ఎందుకంటే, ఖర్చు చాలా తక్కువ, దానికి తాళం ఉంది. ఏమనుకోకండి, మీరు ఇప్పటికి ఒకసారి పింఛను డబ్బు తీశారు, ఇప్పుడు ప్లాటుకు తీద్దామంటున్నారు, రేపు పెళ్లికి తీద్దామంటున్నారు. మీ లాంటివారికి, నా లాంటివారికి కూడా, సులభంగా తెరుచుకోని పెట్టె ఒకటి ఉండడమే మేలు.

ఎన్‌పీఎస్‌లో చివర్లో 40 శాతంతో ఆన్యుటీ (బీమా కంపెనీకి ఒకేసారి కట్టి నెలనెలా పొందే పింఛను) కొనాలి అన్న నిబంధన చాలామందికి నచ్చేది కాదు. 2025 డిసెంబరులో ప్రభుత్వేతర ఖాతాదారులకు దాన్ని కనీసం 20 శాతానికి తగ్గించారు. కానీ ఒకేసారి తీసుకునే మొత్తంలో పన్ను మినహాయింపు చట్టంలో రాసి ఉన్నది 60 శాతానికి. కాబట్టి అంతకు మించి తీసే ముందు ఆ ఏడాది పన్ను నిబంధన ఏముందో చూసుకొని తీయండి. ఆన్యుటీగా నెలనెలా వచ్చేది మామూలు ఆదాయమే.

ఈ పదిహేను వేలనూ ప్రతి ఏడాదీ పది శాతం చొప్పున పెంచాలి. మొదట్లో కష్టమనిపిస్తుంది, 2031లో ఈఎంఐ తీరగానే 16,000 ఖాళీ అవుతుంది, అప్పుడు తేలిక. ఆ పదహారు వేలకు ఇల్లు అలవాటు పడకముందే, ఈఎంఐ కోసే తేదీకే సిప్ పెట్టేయండి. వీపీఎఫ్‌కు 8.25, షేర్ల వైపు 10 శాతం అనుకొని కడితే పదకొండేళ్లకు యాభై లక్షల పైచిలుకు. షేర్ల వైపు అంకె నా ఊహ, ఎవరూ హామీ ఇచ్చింది కాదు. పీఎఫ్ యాభై, ఇది యాభై, గ్రాట్యుటీ ఒక ఏడు లక్షలు. గ్రాట్యుటీ అంటే ఆఖరి బేసిక్‌లో 26వ వంతును 15తో, ఏళ్లతో హెచ్చవేయడం. 20 లక్షల దాకా పన్ను లేదు. మొత్తం కోటీ ఏడు లక్షలు.

కోటీ డెబ్భైకి ఇంకా దూరమే. నిజాయితీగా చెప్పాలంటే పొదుపు ఒక్కదానితో ఆ దూరం దాటలేరు. కంపెనీ ఒప్పుకుంటే 60 దాకా చేయండి, ఒప్పుకోకపోతే 58 తర్వాత ఇంకెక్కడైనా చేయండి. మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ రికార్డులు తెలిసిన అనుభవజ్ఞుడికి చిన్న యూనిట్లలో పని దొరుకుతుంది. ఆ రెండేళ్లూ డబ్బు తీయకపోవడమే పెద్ద లాభం, పొదుపు కూడా ఆపకపోతే కోటీ ఏడు లక్షలు పెరిగి కోటీ నలభై దగ్గరకొస్తుంది. పింఛను కూడా 60 దాకా వాయిదా వేస్తే ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుంది. అదే తొందరపడి 50 తర్వాత ముందస్తు పింఛను తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గుతుంది, అలా మాత్రం ఎప్పుడూ తీసుకోవద్దు. మిగిలిన లోటు ఖర్చులో సర్దుకోవాలి, లేదా పిల్లలు స్థిరపడ్డాక ఫ్లాటు అమ్మి చిన్నచోటికి మారాలి. మా తోడల్లుడు అలాగే కూకట్‌పల్లి ఇల్లు అమ్మి వనపర్తి వెళ్లిపోయాడు, హాయిగా ఉన్నాడు.

రిటైరయ్యాక డబ్బంతా పీఎఫ్‌లోనే వదిలేయొద్దు, మూడేళ్ల తర్వాత ఖాతా నిద్రలోకి పోయి వడ్డీ ఆగిపోతుంది. అరవై నిండగానే సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేయండి, పోస్టాఫీసులోనైనా బ్యాంకులోనైనా. ఇప్పుడు ఒక్కొక్కరికి 30 లక్షల దాకా, 8.2 శాతం. వేసిన రోజు రేటు ఐదేళ్లూ మారదు. 30 లక్షలకు మూడు నెలలకోసారి 61,500 చేతికొస్తుంది. మీ ఆవిడ పేరు జాయింటుగా పెట్టండి, రెండో పేరుకు వయసు అడ్డం లేదు. వీపీఎఫ్, పీఎఫ్ మొత్తం చేతికొచ్చేటప్పుడు పన్ను ఉండదు. ఇండెక్స్ ఫండు మాత్రం ఒకేసారి అమ్మొద్దు, ఏడాదికి 1,25,000 దాకా దీర్ఘకాల లాభానికి పన్ను లేదు, పైన 12.5 శాతం. 12 లక్షల రిబేటు ఈ లాభానికి వర్తించదు. కాబట్టి ఏటా కొంచెం కొంచెం తీసుకుంటూ పోవాలి.

ఆరోగ్య బీమా మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. కంపెనీ ఇచ్చిన కార్డు ఉద్యోగంతోనే పోతుంది. షుగరు మొదలైందని రాశారు. ఇప్పుడే మీ ఇద్దరికీ సొంత పాలసీ తీసుకోండి, షుగరు ఉన్నట్టు ఫారంలో తప్పక రాయండి. ముందే ఉన్న జబ్బుకు నిరీక్షణ కాలం ఇప్పుడు మూడేళ్లకు మించకూడదు, యాభై నాటికే అది దాటేస్తారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాకు జీఎస్‌టీ కూడా లేదు. డెబ్భై దాటాక ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల కార్డు వస్తుంది, అది తోడు.

చివరిగా మీ పాస్‌బుక్ గురించి. 2016లో కంపెనీ మారినప్పుడు పీఎఫ్ ట్రాన్స్‌ఫర్ అయింది, కానీ పింఛను గడిలో సున్నా కనిపిస్తోంది, డబ్బు ఎక్కడికి పోయిందని అడిగారు. ఎక్కడికీ పోలేదు. పింఛను డబ్బు మనిషి మనిషికీ వేరుగా ఉండదు, అందరిదీ ఒకే నిధి. బదిలీ అయ్యేది ఏళ్లు. కాబట్టి ఆ సున్నాను వదిలేసి పీఎఫ్ వెబ్‌సైటులో సర్వీస్ హిస్టరీ తెరిచి చూడండి. 2009 చేరిన తేదీ, 2016 మానేసిన తేదీ రెండూ ఉన్నాయా? మానేసిన తేదీ ఖాళీగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. ఆ ఫ్యాక్టరీ ఇంకా తెరిచి ఉంది, సంతకం పెట్టేవాళ్లు ఉన్నారు. ఇంకో పదకొండేళ్లకు ఉంటారో లేదో.

అదే వెబ్‌సైటులో ఈ-నామినేషన్ ఉంటుంది, మీ తర్వాత డబ్బు ఎవరికన్నది రాసేది. మా ఫ్యాక్టరీలో ఒక ఫిట్టరు నలభై నాలుగేళ్లకు రోడ్డు ప్రమాదంలో పోయాడు. నెల రోజుల తర్వాత అతని భార్య మా సెక్షన్‌కు వచ్చింది. చేతిలో ఒక చీరల షాపు ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్, పెళ్లి ఫొటో, మడతలు నలిగిన నాలుగు పే స్లిప్పులు. నేను ఫైలు తీసి చూస్తే నామినేషన్ కాగితంలో ఆమె అత్తగారి పేరుంది. చేరిన రోజు, పెళ్లికి ముందు, ఇరవై మూడేళ్ల కుర్రాడు రాసిచ్చినది. పెళ్లయితే ఆ పాత నామినేషన్ చెల్లదు, నిబంధన అదే, కానీ ఆ సంగతి కాగితాలతో తేల్చాలి. పైగా పీఎఫ్‌లో అతని పుట్టిన సంవత్సరం ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. ఇంటిపేరు ఒకచోట ఉంది, ఇంకోచోట లేదు. డబ్బు, పింఛను, బీమా మొత్తం చేతికి రావడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఆ తొమ్మిది నెలల్లో ఆమె చిన్నపిల్లవాణ్ణి వెంటబెట్టుకొని ఏడెనిమిదిసార్లు వచ్చింది. గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చొని వాడికి టిఫిన్ డబ్బాలోంచి అన్నం పెట్టేది. మాకు చేతనైనంత చేశాం, కానీ ఆ ఫిట్టరు బతికున్నప్పుడు పది నిమిషాల్లో అయ్యే పని అది.

మీ పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు ఆధార్‌లో ఉన్నట్టే పీఎఫ్‌లో ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే కంపెనీ ద్వారా జాయింట్ డిక్లరేషన్, అంటే సవరణ అర్జీ, పెట్టండి. నామినేషన్‌లో మీ ఆవిడ ఫొటో, ఆధార్, బ్యాంకు ఖాతా ఎక్కించండి, పిల్లల పేర్లూ కుటుంబం కింద చేర్చండి. చేసేటప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకోండి. యూఏఎన్ (మీ పీఎఫ్ గుర్తింపు) నంబరు, ఏ బ్యాంకులో ఏముందో, టర్మ్ పాలసీ కాగితం ఎక్కడుందో ఒక నోటుబుక్కులో ఆమె చేతే రాయించండి. సర్వీస్ హిస్టరీలో తేదీలు చూశాక ఏం కనిపించిందో నాకు రాయండి. 2014 ఆగస్టుకు ముందు నెలలు సరిగ్గా ఎన్నున్నాయో తెలిస్తే ఆ 5,780 ఇంకా కచ్చితంగా కట్టి చెబుతాను.